గుర్రాలు షౌకా, ధందానా?

యాకుత్‌పురా స్టేషన్ ఎన్క గల్లీల బాలనర్సింహకు పన్నెండు బర్రెలు, మూడు గుర్రాలు ఉన్నయి. బర్రెలు సంపాదిస్తయి, గుర్రాలు తింటయి. ఇంట్ల ఎవ్వలు ఏం పని చెయ్యాల్నో ఇంత సాఫ్‌గ పంచుకున్న ఖాందాన్ పాతబస్తీల ఇంకోటి లేదు.

బర్రెలు కోడి కంటె ముంగట లేస్తయి. ఏదేస్తె అది తిని, పాలిచ్చి, నోరు మూసుకుంటయి. గుర్రాలు అట్ల కాదు. శనగలు నానబెట్టాలె, రాళ్లు ఏరాలె, బెల్లం ముక్క, బాదంలు, యాపిల్ పండు నోటికందియ్యాలె. ఎండకాలం ఫ్యాన్ తిరగాలె, కరెంటు పోతె బాలనర్సింహ నిలవడి తువ్వాలతోని విసరాలె. అండ్ల చాందినీ అనే తెల్ల గుర్రానికైతె శనగలల్ల ఒక్క రాయి తగిలినా రెండు రోజులు మాట్లాడది. గుర్రాలు మామూలుగనే మాట్లాడవు గదా అంటరేమో. అది వేరె. ఇది కావాల్నని మాట్లాడది.

చాందినీ బిడ్డ మఖ్మల్. మూడేండ్ల పిల్ల. ఒంటి మీద చెయ్యి పెడితె జారిపోయేటట్టు ఉంటది, అందుకే ఆ పేరు. మూడోది బాద్షా. చాందినీకి మొగుడు, మఖ్మల్‌కు తండ్రి, మిగిలిన టైంల నిద్ర.

ఈ గుర్రాల కథ ఎట్ల షురూ అయ్యిందంటే, ఎనిమిదేండ్ల కింద బాలనర్సింహ బర్రె కొనొస్తనని సంతకు పోయి చాందినీని పట్టుకొని వచ్చిండు. భార్య రుక్మాబాయి గేటు కాడనే ఆపింది.

"ఇది ఎన్ని లీటర్లిస్తది?" అని అడిగింది.

"పాలియ్యదే. పిల్లల్ని పెడ్తది. పిల్లల్ని పెంచుదాం, అమ్ముదాం. బరాత్‌లోళ్లు కొంటరు. ఇది సుత ధందానే" అన్నడు బాలనర్సింహ.

ఆ రోజు రుక్మాబాయి ఆ 'ధందా' అనే మాటను గట్టిగ పట్టుకున్నది. ఎనిమిదేండ్లయినా ఇడవలే.

ధందా అయితే అమ్మాలె గదా. అక్కడనే వచ్చింది చిక్కు. బర్రె బేరమైతె బాలనర్సింహ పులి. తువ్వాల కింద చేతులు కలిపి, వేలు పట్టుకొని రేటు చెప్పుడు ఆ లైన్ల రివాజు. పైకి ఒక్క మాట ఉండది, చుట్టు నిలవడ్డోళ్లకు ఏం సమజ్ కాదు, లోపల వేళ్లు మాత్రం విరిగిపోయేటట్టు గుంజుకుంటయి. బాలనర్సింహతోని బేరం చేసిన ఒక మనిషి చిటికెన వేలు ఇప్పటికీ సీదా కాలేదని అంటరు. గని గుర్రం కాడికి వచ్చేసరికి ఆయనే నవాబు అయితడు. గుర్రానికి రేటు చెప్పుడంటె చిన్నతనం. "ఘర్ కీ బాత్ హై భాయ్, జో దేనా దేదో" అంటడు. ఇంటి ముచ్చట, నీకెంత తోస్తె అంత ఇయ్యి అన్నట్టు. అవతలోడు తోసినంత చెప్తడు. బాలనర్సింహకు అది తక్కువ కొడ్తది, గని తక్కువని చెప్పుడు సుత చిన్నతనమే. ఇగ వేరె ఏదో వంక పెట్టి ఎల్లగొడ్తడు.

ఒకడు మఖ్మల్‌ను చూసి "మాల్ మంచిగుంది" అన్నడు. మాల్ అన్నోనికి నా బిడ్డనియ్య అన్నడు. ఇంకొకని ఇంటికి సొంతంగ పోయి చూసొచ్చిండు, కొట్టానికి రేకుల కప్పు ఉన్నది, పిల్ల ఉడికిపోతది అన్నడు. సంబంధం చూసుడు అల్కగ ఉంటది, మఖ్మల్‌ను కొనుడే కష్టమని గల్లీల పేరు పడ్డది.

బరాత్‌లకు పంపుడు సుత గట్లనే. "మన గల్లీ పోరని పెండ్లికి పైసలేంది?" అంటడు. ఆయన లెక్క ప్రకారం మన గల్లీ అంటే యాకుత్‌పురా స్టేషన్ కాడ షురూ అయ్యి నల్గొండ బస్టాండ్ కాడ ఖతమైతది. ఇగ బోనాలకు, దర్గా ఉర్సుకు అయితె అడగకున్న పంపిస్తడు.

అందుకే పాతబస్తీల బాలనర్సింహ అంటే ఏమంటరు? షౌకీన్ ఆద్మీ. దిల్‌దార్. ఆ మాట ఇంటుంటె బాలనర్సింహకు రెండు పూటల అన్నం తినకున్న నడుస్తది. గుర్రాలకు మాత్రం నడవది.

గుర్రాలు తిన్నదంత లెక్క రాసి, ఆ నష్టాన్ని పాల లాభంల కెల్లి తీసేసి, మిగిలిన దానికే పన్ను కడ్తున్నడు. ఇన్నేండ్లు ఎవ్వలు ఏమనలే. ఈ ఏడు ఇన్‌కంటాక్సోళ్ల నోటీసు వచ్చింది.

నోటీసు వచ్చిన నాడు పన్నెండు బర్రెలు కలిసి రెండు లీటర్లు తక్కువిచ్చినయి. బాద్షా మాత్రం నిద్ర ఆపలే.

పత్తర్‌గట్టిల అత్తర్ దుకాణం మీద వంశీధర్ అనే ఆడిటర్ ఆఫీసు ఉంటది. భీమవరం దిక్కు పిలగాడు, చదువు మస్తుగున్నది. కింద నుంచి వాసన పైకొచ్చి ఆయన కాగితాలన్నీ గులాబీ వాసన కొడ్తయి. ఆన్‌లైన్‌ల పంపిన రిటర్నులు సుత. బాలనర్సింహ, రుక్మాబాయి ఇద్దరు మెట్లెక్కి పోయి నోటీసు ముంగట పెట్టిండ్రు.

వంశీధర్ చదివి కళ్లజోడు తీసిండు.

"బాబాయ్ గారూ, వాళ్లు అడిగేది రెండే రెండు ప్రశ్నలండి. మొదటిది, ఇవి పందెం గుర్రాలా? పందెం గుర్రాలైతే వాటి నష్టం వాటి సంపాదనలోనే సర్దుకోవాలి. పాల లాభంలో కలపకూడదు."

"పందెమా? బాద్షాను పందెంల నిలవెడితె రెఫ్రీ వచ్చి నాడి చూస్తడు సారూ" అన్నది రుక్మాబాయి.

"అయితే దాంతో గొడవ లేదండి. మనవి పెంపకం గుర్రాలు. రెండో ప్రశ్నే అసలైంది. ఈ పెంపకం వ్యాపారమా, సరదానా? వ్యాపారమైతే నష్టమొచ్చినా ఫర్లేదు, పాల లాభంలోంచి తీసేసుకోవచ్చు. సరదా అయితే పైసా తీయడానికి వీల్లేదు. మీ సరదా ఖర్చు మీ జేబులోంచే పోవాలి. సర్కారు భాగం పంచుకోదు."

"ఎట్ల తెలుస్తది వాళ్లకు, షౌకా ధందానా అని?" అన్నడు బాలనర్సింహ.

"లాభం కోసం చేస్తున్నారా లేదా అని చూస్తారండి. ఎనిమిదేళ్లలో ఎన్ని పిల్లల్ని అమ్మారు?"

బాలనర్సింహ కిటికీల కెల్లి చార్మినార్ దిక్కు చూసిండు.

"సారూ, ఒక్కటి అమ్మలే" అన్నది రుక్మాబాయి. "ఒకటి పుట్టంగనే పోయింది. ఒకటి ఈయన దోస్తు మెచ్చుకున్నడని ఇచ్చేసిండు. ఒకటి మఖ్మల్."

"మెచ్చుకున్నాడని ఇచ్చేశారా?"

"చానా మంచిగ మెచ్చుకున్నడు" అన్నడు బాలనర్సింహ.

వంశీధర్ కళ్లజోడు మల్ల పెట్టుకున్నడు. "ఇది సరదా అని తేలిందంటే ఈ ఏడాది పన్ను, మీద వడ్డీ, పెనాల్టీ. తర్వాత వెనకటి ఏళ్లవి కూడా తవ్వుతారండి."

మెట్లు దిగుతుంటె రుక్మాబాయి ఫైసలా చెప్పింది. "ఇగో ఇను. ఓడిపోతె ఆ పైసలు గుర్రాలమ్మి కట్టు. మూడింటిని. నా బర్రెల మీద చెయ్యేస్తె మాత్రం నేను ఊకోను."

బాలనర్సింహకు పత్తర్‌గట్టి మొత్తం ఒక్కసారి గిర్రున తిరిగింది. ఓడితె గుర్రాలు పోతయి. గెల్వాల్నంటె, పైసల కోసమే గుర్రాల్ని సాదుతున్నని నలుగురి ముంగట నోరు తెరిచి చెప్పాలె. అంటే షౌకీన్ అన్న పేరు పోతది. గుర్రాలు లేని షౌకీన్ అయ్యుడా, పేరు లేని గుర్రాలోడు అయ్యుడా? ఇంటికొచ్చేదాక ఇదే సోంచాయించిండు. ఆటోవాడు మీటర్ మీద ఇరవై ఎక్కువడిగినా లొల్లి పెట్టుకోలే. దాంతోని ఆటోవాడే ఘబ్రాయించి, పానం బాగలేదేమో అని అర్సుకొని, ఇరవై వాపస్ ఇచ్చిండు.

విచారణ వీడియోల అన్నరు. ఇప్పుడు ఆఫీసర్ ఎవ్వలో, ఏ ఊర్ల కూసున్నరో ఎవ్వలికి చెప్పరు. గుర్రాలు, కొట్టం చూపియ్యాలె గనుక వంశీధర్ లాప్‌టాప్ తెచ్చి పాల క్యాన్ మీద పెట్టిండు. వచ్చేటప్పుడే ఒక మాట చెప్పిండు: "బాబాయ్ గారూ, మీది వ్యాపారమే అని చెప్పే సాక్షి ఒక్కరుంటే మంచిదండి. ఒక్కరు చాలు."

బాలనర్సింహ ఒక్కనికే చెప్పిండు, గుర్రాలకు లాడాలు కొట్టే మొయిజ్ భాయ్‌కి. మొయిజ్ భాయ్ సుత ఒక్క తాననే చెప్పిండు. గని అది చాయ్ హోటల్.

పాతబస్తీల ఒక కాయిదా ఉన్నది. మనోని పేరు సర్కారు ముంగట వచ్చిందంటె పోయి నిలవడాలె, నాలుగు మంచి మాటలు చెప్పాలె. అడిగేదాక ఆగుడు తప్పు. పదకొండు కొట్టేసరికి కొట్టంల గల్లీ మొత్తం దిగింది. గడ్డి దుకాణం సాయిలు తన పెండ్లి నాటి సఫారీ సూట్ తొడుక్కొని వచ్చిండు. ఒక్క గుండీ తప్ప ఏది పట్టలే, అయినా తొడుక్కున్నడు. మొయిజ్ భాయ్ షేర్వానీ ఏసుకొని కళ్లకు సుర్మా పెట్టుకున్నడు. బహదూర్‌పురాల బరాత్‌లు నడిపిచ్చే అమరనాథ్ సుత వచ్చిండు. బ్యాండు, లైట్లు, బగ్గీ అన్నీ ఆయనవే. బాలనర్సింహ ఓడిపోతడని, గుర్రాలు సస్తల దొరుకుతయని వాసన పట్టి వచ్చిండు. మూల మీద నిలవడి, మఖ్మల్ కాళ్ల దిక్కే చూస్తున్నడు.

వంశీధర్ ఈ జాతరను చూసి "ఇదేంటండీ?" అన్నడు.

"సాక్షి" అన్నడు బాలనర్సింహ.

లాప్‌టాప్‌ల ఒక నల్ల డబ్బా కనవడ్డది. ఆఫీసర్ మేడం కెమెరా బంద్ పెట్టింది. గొంతు మాత్రం వచ్చింది, మెల్లగ, సాఫ్‌గ. మాట్లాడింది హిందీలనే. బాలనర్సింహకు ఉర్దూ, తెలుగు కలిపి దంచుడు అలవాటే గనుక ఏం ఇబ్బంది కాలే. చాందినీ ఆ నల్ల డబ్బాను చూసి ఒక్కసారి ముక్కు చీదింది. చూపుకు అది సలాం కొట్టినట్టే ఉన్నది.

"ఇవేనా గుర్రాలు?" అన్నది మేడం.

"అవు మేడం. ఇది చాందినీ, అది మఖ్మల్, పడుకున్నది బాద్షా."

"అది బతికే ఉన్నదా?"

"నిన్నటిదాక ఉన్నది మేడం" అన్నది రుక్మాబాయి.

బాద్షా ఒక చెవు ఆడిచ్చింది. మేడం రాసుకున్నది.

"బాలనర్సింహ గారు, ఎనిమిదేండ్లు వరుసగ నష్టం చూపిచ్చిండ్రు. ఒక్క గుర్రం అమ్మలే. ధందా అంటున్నరు. కొనేటోళ్లే రాలేదా?"

"వచ్చిండ్రు మేడం."

"మరి?"

"సంబంధం కుదరలే."

వంశీధర్ గబగబ ముంగటికొచ్చి "అంటే మేడం, రేటు కుదరలేదని ఆయన ఉద్దేశం" అన్నడు. ఇంతల్నే మొయిజ్ భాయ్ ఆయనను పక్కకు జరిపి లాప్‌టాప్ ముంగట నిలవడ్డడు. షేర్వానీ సద్దుకున్నడు.

"మేడం, నేను చెప్త. నా పేరు మొయిజుద్దీన్. ఈ గుర్రాలకు లాడాలు కొట్టేది నేను. ఖుదా కసం, ఈ మనిషి పైసల మనిషే కాదు. ధందా అంటే ఏందో ఈయనకు తెల్వనే తెల్వది. అసలు సిసలు షౌక్!"

"రాసుకుంటున్న" అన్నది మేడం.

వంశీధర్ నెత్తి పట్టుకున్నడు. మొయిజ్ భాయ్ మాత్రం మంచి పని చేసినోని తీరు ఎన్కకు జరిగి, బాలనర్సింహ దిక్కు చూసి కన్ను కొట్టిండు. దోస్తును ఒడ్డుకేసిన అన్నట్టు.

సాయిలు ఊకుంటడా? "మేడం, నేను సాయిలు. గడ్డి దుకాణం. మా తమ్ముని పెండ్లికి గుర్రం పంపిండు. పైసలియ్యబోతె నా ముఖం మీద కొట్టిండు మేడం! ఇగో ఈడ కొట్టిండు" అని చెంప చూపిచ్చిండు. "ఇంత పెద్ద మనసు ఎవ్వలికుంటది?"

"రాసుకుంటున్న."

"నా కొడుకు పెండ్లికి సుత!" అని ఎన్క కెల్లి ఒకలు.

"మా బామ్మర్ది పెండ్లికి, నల్గొండల!" అని ఇంకొకలు.

"మా పోరనికి ఒడుగు చేస్తె, ఒడుక్కు గుర్రమెందుకు అన్నా వినకుంట పంపిండు!"

మేడం అన్నీ రాసుకుంటున్నది. కీబోర్డ్ టకటక వినవడుతున్నది. ఒక్కొక్కడు దిల్ నిండ మెచ్చుకుంటున్నడు, ఒక్కొక్క మెప్పుకు ఇంత పెనాల్టీ పెరుగుతున్నది. సాయిలు మెప్పుకు చాందినీ పోయింది. బామ్మర్ది మెప్పుకు బాద్షా పోయింది, అది పోయినా ఎవ్వలికి తేడా తెల్వదు గని. ఒడుగు మెప్పు మఖ్మల్ దాక వచ్చింది.

బాలనర్సింహకు విచిత్రంగ ఉన్నది. ఇంత మంది ఇంత మంచిగ ఆయన గురించి ఎన్నడు చెప్పలే. ఛాతి పొంగుతున్నది. అదే ఛాతి లోపల మంట లేస్తున్నది. బస్ చేయుండ్రిరా అని ఒర్రాల్నని ఉన్నది, ఇంకో ఇద్దరు చెప్తె మంచిగుండు అని సుత ఉన్నది.

"అమ్మా మేడం" అన్నది రుక్మాబాయి. పాలు కొలిచే లీటర్ డబ్బా చేతిల పట్టుకొని లాప్‌టాప్ ముంగటికి వచ్చింది. కొట్టంల అందరు ఒక అడుగు ఎన్కకేసిండ్రు. మొయిజ్ భాయ్ సుత సర్దుకున్నడు. ఆ డబ్బాతోని ఆమె ఎవ్వలినీ కొట్టింది లేదు, గని కొట్టదని ఎవ్వలికీ భరోసా లేదు.

"ఈళ్లు చెప్పేదంత నిజమే మేడం. గని ఈ చాందినీ ఇంటికొచ్చిన నాడు నేను గేటు కాడ అడిగిన, ఎందుకిది అని. ఈయన ఏమన్నడో అడుగుండ్రి. 'పిల్లల్ని పెంచి అమ్ముదాం, ధందా' అన్నడు. ఆ మాట మీదనే నేను గేటు తీసిన. డాక్టర్ కాగితాలున్నయి, సూదుల లెక్కలున్నయి, పిల్ల ఏ తేదీన పుట్టిందో, ఏ జాతిదో అన్నీ రాపిచ్చినం. షౌక్‌కు ఇవన్నీ ఎవ్వలు రాపిస్తరు? ఈయనకు ధందా చేసుడు రాదు అంటే ఒప్పుకుంట. చేస్తలేడు అంటే ఒప్పుకోను."

నల్ల డబ్బాల కీబోర్డ్ మల్ల టకటకలాడింది.

"మంచిగ చెప్పిండ్రమ్మా. గని ధందా అంటే అమ్మకానికి పెట్టాలె. రేటు ఉండాలె. మఖ్మల్ రేటెంత?"

"ఆయన్ని అడుగు మేడం. చెప్తె ధందా, చెప్పకుంటె షౌక్. నేను సుత ఎనిమిదేండ్ల సంది ఇదే ఇందామని చూస్తున్న."

అందరు బాలనర్సింహ దిక్కు చూసిండ్రు. వంశీధర్ రెండు చేతులు జోడిచ్చిండు, దేవునికో బాలనర్సింహకో తెల్వదు.

బాలనర్సింహ నోరు తెరిచిండు. మూసిండు. మల్ల తెరిచిండు. "మేడం... ఘర్ కీ బాత్..." అన్నడు.

"చెప్పడు!" అన్నడు సాయిలు గర్వంగ. "చచ్చినా చెప్పడు మేడం, రాసుకోండ్రి!"

మేడం రాసుకోబోయేటట్టే ఉన్నది. అప్పుడు మూల మీద కెల్లి అమరనాథ్ గొంతు సవరిచ్చుకున్నడు.

"ఎందుకే పరేషాన్ నర్సన్నా. నీకు ఎంతిచ్చినా నడుస్తది గదా. లక్ష ఇస్త. పిల్లను తోలుకపోత. మేడం, లక్ష అని రాసుకోండ్రి."

లక్ష అన్న మాట కొట్టంల పడ్డది. బాలనర్సింహ మఖ్మల్ దిక్కు చూసిండు. మఖ్మల్ సుత ఆయన దిక్కే చూసింది. మనుషులు ఏం మాట్లాడుకుంటుండ్రో గుర్రాలకు తెల్వదంటరు. తెల్వకపోతె అది అట్లెందుకు చూస్తది?

"లక్షా?" అన్నడు బాలనర్సింహ. "లక్షకు నీ బ్యాండ్ల డోలు వస్తదిరా! పిల్ల ఒంటి మీద ఒక్క మచ్చ చూపియ్యి! చెవులు చూడు, కొసలు ఎట్ల కలుస్తున్నయో, అసలు జాతి అది! డీజే సప్పుడుకు బెదరకుంట ఏడాది సంది రోజు పొద్దున లేసి నేర్పిచ్చిన. పటాకులు కాలిచ్చి నేర్పిచ్చిన. లక్ష అంటవా? నాలుగు లక్షలు! ఒక్క రూపాయి తగ్గది!"

కొట్టం సన్నగ అదిరింది. సాయిలు సఫారీకి పట్టిన ఒక్క గుండీ సుత ఊసిపోయింది. రేటు! బాలనర్సింహ నోట్ల కెల్లి గుర్రం రేటు! గల్లీల ముసలోళ్లు నాంపల్లి అసెంబ్లీల సర్కారు మారిన నాడు సుత ఇంత హైరాన్ కాలే.

అమరనాథ్ బేరగాడు. దెబ్బకు తేరుకున్నడు. భుజం మీది తువ్వాల తీసి, రివాజు ప్రకారం చేతుల మీద కప్పబోయిండు. బాలనర్సింహ చెయ్యి సుత దానంతటదే తువ్వాల కిందికి పోయింది.

"తువ్వాల తీసేయండి!" అని వంశీధర్ ఒర్రిండు. "మేడం గారికి కనపడాలి! పైకే చెప్పండి బాబాయ్ గారూ, పైకే!"

తువ్వాల లేకుంట బేరం చేసుడంటె బాలనర్సింహకు బట్టలు లేకుంట బజార్ల నిలవడ్డట్టే. అయినా చెయ్యి ఎత్తి, వేళ్లు లాప్‌టాప్ దిక్కు తిప్పిండు.

అమరనాథ్ వేలు చూపిచ్చి "ఒకటిన్నర" అన్నడు. "మూడున్నర" అన్నడు బాలనర్సింహ. అమరనాథ్ పోతనని గేటు దాక పోయిండు. బాలనర్సింహ పొమ్మన్నడు. అమరనాథ్ వాపస్ వచ్చి పండ్లు చూసిండు, కాళ్లు లేపి చూసిండు, ఎన్క కాలు జర వంకర అన్నడు. లాడాలు కొట్టేది నేను, కాలు వంకరంటె నా పని వంకరన్నట్టు అని మొయిజ్ భాయ్ షేర్వానీ చేతులు మడిచిండు. ఇద్దరిని ఇడిపిచ్చేసరికి కొంచెం టైం పట్టింది. మల్ల బేరం షురూ అయ్యింది. వేలు లేచినప్పుడల్లా గల్లీ మొత్తం "రెండూ పావు!" "మూడు!" అని ఒర్రుతున్నది. ఇంతసేపు షౌక్, షౌక్ అన్నోళ్లే ఇప్పుడు "తగ్గకు నర్సన్నా!" అంటుండ్రు. బాద్షా లేచి నిలవడ్డది. అది లేచి నిలవడి ఎన్ని నెలలయ్యిందో ఇంట్లోళ్లకు సుత యాది లేదు.

లాప్‌టాప్‌ల మేడం ఉన్నదో పోయిందో అని వంశీధర్‌కు ఫికర్ పట్టింది. "మేడం, లైన్‌లో ఉన్నారా?"

"ఉన్న" అన్నది నల్ల డబ్బా. "నాకింకో కేసు ఉన్నది. ఆఖరి రేటు చెప్పుండ్రి, రాసుకోవాలె."

"రెండు లక్షల డెబ్బై అయిదు" అన్నడు బాలనర్సింహ. "గని ఒక షర్తు. ఎండకాలం ఫ్యాన్ ఉండాలె. శనగలల్ల రాళ్లుండద్దు."

అమరనాథ్ నల్ల డబ్బా దిక్కు చూసిండు, గల్లీ దిక్కు చూసిండు, రుక్మాబాయి చేతిల లీటర్ డబ్బా దిక్కు చూసిండు. "కబూల్" అన్నడు.

"మాల్ అనద్దు" అన్నడు బాలనర్సింహ.

"అనను."

మేడం లైన్ కట్ చేసేముందు ఒక్కటే అన్నది. "బాలనర్సింహ గారు, మీరు ధందా చేస్తరని ఇప్పుడు సమజైంది. ఇంత సేపు చేస్తరని తెలిస్తె ముందుగాలనే లైన్ కట్ చేస్తుంటి."

ఆర్డర్ తర్వాత వచ్చింది. గుర్రాల పెంపకం ధందానే, నష్టాన్ని పాల లాభంల కెల్లి తీసుకోవచ్చు అని రాసింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోలే. బాదంపప్పు, యాపిల్ పండ్ల ఖర్చు కొట్టేసింది. ధందాకు శనగలు చాలు, బాదంలు పెట్టుడు సొంత ముచ్చట అన్నది. దానికి కొంత పన్ను పడ్డది. బాలనర్సింహ నోరెత్తకుంట కట్టిండు.

"గెలిచామండి" అన్నడు వంశీధర్. "ఇంకో మాట. మఖ్మల్‌ని అమ్మారు కదా, ఈ ఏడాది గుర్రాల మీద లాభమొచ్చింది. దానిమీద కూడా పన్ను కట్టాలి."

ఆ మాట ఇన్న బాలనర్సింహ చాయ్ హోటల్ల పోయి కూసోని అందరికీ చెప్పిండు. గుర్రాల మీద సర్కారుకు పన్ను కడ్తున్న అని. లాభమొచ్చిన సంగతి చిన్నగ చెప్పి, పన్ను సంగతి పెద్దగ చెప్పిండు. నలుగురు చాయ్ తాగిండ్రు, బిల్లు బాలనర్సింహనే ఇచ్చిండు.

మఖ్మల్ పోయిన నాడు చాందినీ శనగలు ముట్టలే. బాలనర్సింహ సుత అన్నం ముట్టలే. రుక్మాబాయి ఇద్దరి ముంగట చెరో గిన్నె పెట్టి "తింటె తినుండ్రి, లేకపోతె బర్రెలకేస్త" అన్నది. ఇద్దరు తిన్నరు.

గల్లీల మాత్రం మనుషులు మారిండ్రు. ఇదివరకు ఎదురొస్తె "ఏం నర్సన్నా" అని భుజం మీద చెయ్యేసేటోళ్లు, ఇప్పుడు "నమస్తే సేట్" అంటుండ్రు. సాయిలు చిన్న కొడుకు పెండ్లి కుదిరింది. సాయిలు వచ్చి గేటు కాడ నిలవడ్డడు, లోపలికి రాలే.

"అన్నా... చాందినీ కావాలె, బరాత్‌కు." చేతులు నలుపుకున్నడు. "రేటెంత?"

బాలనర్సింహ సాయిలు చెంప దిక్కు చూసిండు. ఇదే సాయిలు, చెంప చూపిచ్చి మెచ్చుకున్న సాయిలు. ఎన్క కొట్టంల రుక్మాబాయి పాలు పిండుతున్నది. పిండుడు ఆపింది. ఇంటున్నది.

"అయిదు వేలు" అన్నడు బాలనర్సింహ.

"నాలుగు చేస్కోరాదే" అన్నడు సాయిలు, ఎంటనే. మొఖం మీద కెల్లి బరువు దిగినట్టున్నది. గేటు తీసుకొని లోపలికొచ్చి, సొంతిల్లు అన్నట్టు బాద్షా పక్కన మంచం మీద కూసున్నడు. ఇద్దరు గంట సేపు లొల్లి పెట్టుకున్నరు, నాలుగున్నరకు తెగ్గొట్టుకున్నరు, చాయ్ తాగిండ్రు. మెచ్చుకునేటప్పుడు ఇట్ల కూసునుడు సాయిలుకు ఎన్నడు కాలేదని బాలనర్సింహకు అప్పుడు యాదికొచ్చింది. ఉత్తగ తీసుకున్నోడు గేటు కాడ కెల్లే మొక్కి పోతుండె.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మాపటికి బాలనర్సింహ ఒక్కడే బహదూర్‌పురా పోతడు. పోయేటప్పుడు మొహల్లాల కిరాణా కాడ ఆగి పావు కిలో బాదంలు కట్టిపిస్తడు. అమరనాథ్ కొట్టంల ఫ్యాన్ తిరుగుతున్నదా లేదా చూస్తడు, శనగలల్ల చెయ్యి పెట్టి రాళ్లు దేవులాడ్తడు, మఖ్మల్ నోటికాడ పిడికిలి ఇప్పుతడు.

ఒక శుక్రవారం ఆ కిరాణా కాడ వంశీధర్ ఎదురయ్యిండు. బాదంల పొట్లం చూసి అలవాటు కొద్దీ అడిగిండు.

"బాబాయ్ గారూ, బిల్లు తీసుకున్నారా?"

"దీనికి బిల్లెందుకు సారూ" అన్నడు బాలనర్సింహ, పొట్లం జేబుల పెట్టుకుంట. "మేడం చెప్పలే? ఇది షౌక్."